‘ఏటీ’ అంటే ‘ఎటి’ అన్నాడు: సువర్ణరేఖ ఇసుకలో ఒంటరి జీపు ప్రయాణం

ఈ ప్రయాణం ఒక మాట పట్టింపుతో మొదలైంది, దాచడం ఎందుకు. నేను పుట్టింది కోల్‌కతా వాట్‌గంజ్‌లో, ఇప్పుడు ఉండేది ఏక్‌బాల్‌పూర్‌లో. ఆడవాళ్ళకు కారు నేర్పడం నా పని. మా నాన్న సోంపేట పక్క పల్లె నుంచి వచ్చి ఇక్కడి ఓడరేవు డాకులో పనికి చేరాడు. అందుకని మాది ఇంట్లో శ్రీకాకుళం తెలుగు, వీధిలో బెంగాలీ, గొడవపడాల్సి వస్తే హిందీ. శని ఆదివారాల్లో జీపులున్నవాళ్ళని పోగేసి అడవి దారులకు తీసుకెళ్ళే తపన్‌దా (ఇక్కడ దాదా అంటే అన్న) అని ఒకాయన మాకు తెలుసు. ఆడవాళ్ళకి వేరుగా ఒక బ్యాచ్ వెయ్యమని ఆయన్ని చాలామంది అడుగుతున్నారు. వాళ్ళలో సగం మంది నా దగ్గర స్టీరింగ్ పట్టినవాళ్ళే. ఆ బ్యాచ్‌కి ముందు బండి నేను నడుపుతానని వెళ్ళి అడిగాను. ముందు బండి అంటే ఊరికే ముందు పోయేది కాదు. దారి చూసేది, లోతు చూసేది, వెనకవాళ్ళు ఇరుక్కుంటే లాగేది అదే. తపన్‌దా నా మాట విని, “మణీ, నువ్వు ఊళ్ళో బాగా నడుపుతావు. అది ఊరు కాదు కదా” అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఖిదిర్‌పూర్ ట్రైలర్ల మధ్య, ట్రాము పట్టాల మీద పదేళ్ళుగా నేర్పుతున్నదాన్ని పట్టుకుని ఊరు, ఊరు కాదు అంటాడేమిటి.

చివరికి ఆయనే ఒక షరతు పెట్టాడు. ఒక్కదాన్నే బండి తీసుకుని సువర్ణరేఖ నది ఒడ్డు దాకా వెళ్ళాలి. రాత్రి అక్కడే డేరా వేసుకుని ఉండాలి. మర్నాడు తిరిగి రావాలి. మధ్యలో ఎక్కడా నా బండిని ఎవరూ తాడు కట్టి బయటికి లాగకూడదు. లాగించుకున్నానంటే ముందు బండి మాట మళ్ళీ ఎత్తకూడదు. సరే అనేశాను. అనేసి, ఇంటికి వచ్చాక భయపడ్డాను.

మా ఆయన అప్పారావు కార్పొరేషన్‌లో నీళ్ళ పైపుల పని చేస్తాడు. నెమ్మదస్తుడు. విషయం చెప్పాను. “ఏటే, ఒక్కదానివే ఎల్తావా?” అన్నాడు. ఎల్తానన్నాను. “మరి నానో?” అన్నాడు. “నువ్వు ఇంట్లో ఉండి వండుకు తిను” అన్నాను. ఆ శుక్రవారం సాయంత్రం ఆయనే జాకీ తిప్పి చూశాడు, స్పేర్ టైరు నొక్కి చూశాడు, పార తెచ్చి వెనక పెట్టాడు. కొత్త లాగుడు తాడు ఒకటి ప్యాకెట్ విప్పకుండానే సీటు కింద తోశాడు. “తాడు కట్టించుకోకూడదనే కదా పందెం” అంటే, “ఉండనియ్యే, బట్టలు ఆరేసుకోడానికైనా పనికొస్తాది” అన్నాడు. నా బండి ఎనిమిదేళ్ళ పాత డీజిలు జీపు. ఇంజను నాలుగు చక్రాల్నీ తిప్పే రకం. చూడ్డానికి ఏమీ ఉండదు గానీ నా మాట వింటుంది.

శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాను. మీరూ వెళ్ళదలచుకుంటే ఇంతకంటే ఆలస్యం చేయకండి. రెండో హుగ్లీ వంతెన దాటి సంత్రాగాఛి వైపు దిగేసరికి ఇంకా చీకటి. అక్కడ ఏ కాస్త ఆలస్యమైనా లారీల వెనక గంట కూర్చోవాల్సిందే. కోలాఘాట్ దగ్గర మట్టి కప్పులో టీ తాగాను. డిసెంబరు మంచు రోడ్డు మీద ఇంకా విడలేదు కాబట్టి ఫాగ్ లైట్లు లేని బండయితే ఆ ముక్క నెమ్మదిగా పోవాలి. టోల్‌గేట్లన్నీ ఫాస్టాగే, ఆగే పని లేదు. ఏడున్నరకి ఖరగ్‌పూర్ చేరాను. ఖరగ్‌పూర్‌లో మనవాళ్ళు రైల్వేలో పని చేసి స్థిరపడ్డవాళ్ళు వీధులకు వీధులు ఉన్నారు, కాబట్టి అక్కడ ఇడ్లీ తినకుండా పోవడం పాపం. రెండు ప్లేట్ల ఇడ్లీ, ఒక టీ కలిపి వంద లోపే అయింది. ఇడ్లీలు దించుతున్న పెద్దావిడ బండిలోకి తొంగి చూసి, “ఏటమ్మా, ఒక్కర్తివేనా? మగోళ్ళెవరూ నేరా?” అంది. “బియ్యం ఉన్నాయి, పొయ్యి ఉంది, డేరా ఉంది. మగోళ్ళకి చోటు చాలలేదప్పా” అన్నాను. ఆవిడ చట్నీ ఇంకో గరిటె వేసింది.

డీజిలు ఖరగ్‌పూర్‌లోనే నింపుకోండి, తర్వాత బంకులు పలచబడతాయి. అక్కడి నుంచి లోధాసులి దాకా రోడ్డు సాఫీగా ఉంటుంది. రెండు పక్కలా మద్ది చెట్లలాగే నిటారుగా పెరిగే సాల చెట్ల అడవి. హైవే వదిలి ఎడమకి తిరిగి, నది మీది పెద్ద వంతెన దాటితే గోపీబల్లభ్‌పూర్. ఏక్‌బాల్‌పూర్ నుంచి ఇక్కడికి దాదాపు రెండు వందల కిలోమీటర్లు, ఆగుతూ వచ్చినా ఆరు గంటలు చాలు. తపన్‌దా తన బ్యాచ్‌లని దించే చోటు ఇక్కడి నుంచి ఇంకో పాతిక కిలోమీటర్లు. నది గట్టు మీద ఒక రైతు జీడితోట. డేరాలకి ఆయన ఒప్పుకున్న చోటది. కాసేపటికి తారురోడ్డు అయిపోయి ఎర్రమట్టి బాట వచ్చింది. వానాకాలంలో ట్రాక్టర్లు చేసిన గాళ్ళు ఎండి రాళ్ళయిపోయి ఉన్నాయి. బండిని నాలుగు చక్రాల పద్ధతిలోకి మార్చి, ఒక చక్రం గాడికి ఈ అంచున, ఇంకో చక్రం ఆ అంచున పెట్టుకుంటూ పోయాను. ఒకచోట బాటకి అడ్డంగా వాగు కోసేసిన గుంట వచ్చింది. దిగి, నడిచి చూసి, ఏటవాలుగా దించి ఏటవాలుగా ఎక్కించాను. ఎక్కాక ఎవరూ లేరు కదా అని హారన్ కొట్టుకున్నాను. అంత సంతోషం వేసింది.

ఆ సంతోషంలోనే చెడింది. ఒక చిన్న ఊరు దాటాక బాట రెండుగా చీలింది. ఒకటి ఎడమకి అడవి అంచున, ఒకటి కుడికి పల్లంలోకి. ఫోన్‌లో సిగ్నల్ పోయింది. చీలిక దగ్గర ఒక ముసలాయన మేకల్ని మేపుతున్నాడు. బండి ఆపి, “దాదూ, నది ఒడ్డుకి ఎలా పోవాలి?” అని నా కోల్‌కతా బెంగాలీలో అడిగాను. ఆయన చాలా వివరంగా చెప్పాడు. కానీ ఆ భాష బెంగాలీ కాదు, ఒడియా కాదు. రెండూ కలిపి నమిలినట్టుంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కానప్పుడు నా నోట బెంగాలీ రాదు, మా అమ్మ నేర్పిన మాటే వస్తుంది. “ఏటీ?” అన్నాను. నా చెయ్యి అప్పుడు కుడివైపు కిటికీలోంచి బయటికి వేలాడుతోంది. ఆయన మొహం వెలిగిపోయింది. “హ్యా, ఎటి, ఎటి” అని తలాడించాడు. చెయ్యి కూడా కుడికే ఊపాడు. నేను దండం పెట్టి కుడికి తిప్పాను.

పల్లం దిగేసరికి ఎదురుగా నది. ఇక్కడ ఈ కాలంలో నది అంటే అర కిలోమీటరు ఇసుక, అవతల అంచున సన్నటి నీటి పాయ. బాట తిన్నగా ఇసుకలోకే పోయింది. ట్రాక్టరు చక్రాల గుర్తులు కనిపిస్తున్నాయి కాబట్టి పోవచ్చనుకున్నాను. టైర్లలో గాలి రోడ్డు మీద ఉండాల్సినంత ఉంది, అంటే ఇసుకలో ఉండాల్సినదానికి రెట్టింపు. ఆ సంగతి నాకు తెలుసు. పిల్లలకి పాఠం చెప్పినట్టు నలుగురికీ చెప్తాను కూడా. కానీ జీడితోట ఇంకో మలుపులోనే ఉంటుందనుకుని దిగలేదు. వంద గజాలు పోయానో లేదో, బండి నీళ్ళలో పడవలా ఒకసారి ఊగింది, ముక్కు దించింది, కూర్చుంది. కోపంతో ఇంకాస్త తొక్కాను. తొక్కిన కొద్దీ తవ్వుకుంది. దిగి చూస్తే వెనక ఇరుసు ఇసుకకి ఆనుకుని ఉంది.

అక్కడ ఇసుకతిన్నె మీద వంకాయలు, సొరకాయలు వేసుకున్న మళ్ళున్నాయి. ఒకామె బుట్ట దించి నా దగ్గరికి వచ్చింది. పేరు సబిత, నా వయసే. అదృష్టం, ఆమె మాట నాకు అర్థమైంది. పెళ్ళికి ముందు ఖరగ్‌పూర్‌లో ఉండేదట. “ఇటు ఎందుకొచ్చావు దీదీ, ఇది కూరల బండ్లు దిగే దారి. జీడితోటకి పోయేవాళ్ళు ఎడమకి పోతారు” అంది. మేకల తాత ఇదే దారి అన్నాడని చెప్పాను. “నువ్వేం అడిగావు?” అంది. నది ఒడ్డు అన్నాను, ఆయన మాట తెలియక ‘ఏటీ’ అన్నాను అని చెప్పాను. ఆమె ఒక్క క్షణం చూసి నవ్వడం మొదలుపెట్టింది. “ఎటి అంటే ఇది. ‘ఇదేనా’ అని నువ్వే అడిగావు. ‘అవును, ఇదే’ అన్నాడు తాత. నది ఒడ్డుకి ఇదీ దారే కదా” అంది. ఓలమ్మా అనుకున్నాను. పుట్టినప్పటి నుంచి ఇంట్లో ఏటి, వీధిలో ఎటి వింటూ పెరిగినదాన్ని, రెండూ ఒకేలా ఉంటాయని ముప్పై అయిదేళ్ళకి ఇసుకలో కూర్చుని తెలుసుకున్నాను. ఇద్దరం నవ్వుకున్నాం గానీ, నాకు లోపల ఏడుపే వస్తోంది.

సబిత వెంటనే దారి చూపించింది. వాళ్ళ మరిదికి ట్రాక్టరు ఉంది, ఈ గట్టుకి అవతల దుక్కి దున్నుతున్నాడు, కేకేస్తే వస్తాడు, పది నిమిషాల పని, పైసా తీసుకోడు. నేను వద్దన్నాను. ఎందుకని అడిగింది. షరతు సంగతంతా చెప్పాను. “ఇక్కడ చూసేవాడెవడు? నేను చెప్తానా, ఇసుక చెప్తుందా?” అంది. నిజమే. ఎండ నెత్తి మీద ఉంది, ఆకలి వేస్తోంది, ట్రాక్టరు చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఒక నిమిషం మనసు ఊగిందని ఒప్పుకుంటాను. కానీ తపన్‌దా చూడకపోతే మాత్రం ఏం లాభం? రేపు నలుగురు ఆడవాళ్ళని వెనకేసుకుని ఇలాంటి ఇసుకలోకే దిగాలి. అప్పుడు కూడా ఎవరి మరిదినో కేకెయ్యనా? “నాకు ఓ గంట టైమివ్వు. రాకపోతే చూద్దాం” అన్నాను. సబిత గట్టున కూర్చుని, “సరే, చూస్తా” అంది.

ముందు నాలుగు టైర్లలోనూ గాలి సగానికి తీశాను. తర్వాత పార పట్టుకుని బండి పొట్ట కింద ఇసుక తోడాను. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు, చక్రాల ముందే తవ్వుతారు. బండి బరువంతా పొట్ట మీద ఆని ఉంటే చక్రం ఎంత తిరిగినా ప్రయోజనం లేదు. చక్రాల ముందు బండిలో కాళ్ళ కింద వేసే రబ్బరు పట్టాలు పరిచి, లో గేరులో పెట్టి ముందుకి తోలాను. బండి అడుగు ముందుకి వేసి, పట్టాల్ని వెనక్కి విసిరికొట్టి, మళ్ళీ కూర్చుంది. మళ్ళీ తవ్వాను. మళ్ళీ అదే. మూడోసారికి అరచేతులు బొబ్బలెక్కాయి. నా కోపం బండి మీదికి పోయింది, దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఏం తిట్టానో సబితకి తెలుగు రాదు కాబట్టి సరిపోయింది.

“ముందుకెందుకు పోతావు? ముందు ఇంకా ఇసుకే కదా” అంది గట్టు మీంచి సబిత. ఆ మాటకి ఆగాను. ఎంతసేపూ ముందుకే, ముందుకే అని పంతం పట్టాను గానీ, వెనక నేను వచ్చిన గాళ్ళు ఉన్నాయి. బండి బరువుకి అక్కడ ఇసుక గట్టిపడి ఉంది. చక్రాల వెనక తవ్వి వాలు చేశాను. సబిత సొరపాదుల కింద పరిచిన ఎండుగడ్డి రెండు మోపులు తెచ్చి ఇచ్చింది. దాన్ని వాలులో పరిచాను. స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, రివర్స్ వేసి, క్లచ్ మీది కాలు ఎంత మెల్లగా ఎత్తాలో అంత మెల్లగా ఎత్తాను. బండి వణికింది. గడ్డి కరకరలాడింది. తర్వాత ఏ హడావుడీ లేకుండా వెనక్కి కదిలింది. అలా కదులుతూ కదులుతూ గట్టు మీది గట్టి నేల దాకా వచ్చేసింది. ఇంజను ఆపి దిగి, నా బండిని నేనే ముద్దు పెట్టుకున్నాను. సబిత చప్పట్లు కొట్టింది. గంట అన్నదాన్ని రెండు గంటలు చేశాను, ఆమె లెక్క అడగలేదు.

ఇక జీడితోట వెతికే ఓపిక లేదు. ఎక్కడ ఉండాలో షరతులో లేదు, నది ఒడ్డు అంటే ఇదీ నది ఒడ్డే. ఇసుకలోకి దిగి డేరా వెయ్యబోతే సబిత ఆపింది. పైన ఆనకట్ట నీళ్ళు ఎప్పుడొదులుతారో చెప్పలేం, చలికాలమైనా కింద ఎవరూ పడుకోరు అంది. గట్టు మీద వాళ్ళ కాపలా పాక పక్కన చోటు చూపించింది. ఆమె, ఆమె భర్త రాత్రిళ్ళు అక్కడే ఉంటారు, ఏనుగులు దిగితే డబ్బాలు మోగించడానికి. ఆ మాట వినగానే డేరాని పాకకి ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాను.

సాయంత్రం ఎండ పడిపోతుండగా పొయ్యి వెలిగించాను. సబిత మడిలోంచి అప్పుడే కోసిన వంకాయలు ఇచ్చింది. నేను ఇంటి నుంచి తెచ్చుకున్న ఎండు నెత్తళ్ళు, చింతపండు వేసి పులుసు పెట్టాను. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆమె కళ్ళు మూసుకుంది. “ఇంత పులుపా? మీ ఊళ్ళో చక్కెర దొరకదా?” అంది. అంటూనే రెండోసారి వడ్డించుకుంది. గట్టు చివర ఒక్కచోట సిగ్నల్ దొరుకుతుందంటే అక్కడికి పోయి ఇంటికి ఫోన్ చేశాను. “ఏటే, బండి బాగుందా?” అన్నాడు మా ఆయన. “బండి బాగుంది. నీ పెళ్ళాం ఎలాగుందో అడగవా?” అన్నాను. “నువ్వు బాగుంటావని నాకు తెల్దేటి” అన్నాడు. ఆ రాత్రి చలికి రెండు దుప్పట్లు చాలలేదు గానీ నిద్ర మాత్రం బాగా పట్టింది. ఏనుగులు రాలేదు.

మర్నాడు పొద్దున్న టీ కాచుకుంటుంటే కూరల కోసం చిన్న పికప్ బండి వచ్చింది. డ్రైవరు మీసాలున్న మనిషి, మాట గట్టిది. బుట్టలన్నీ ఎక్కించుకుని తిరిగి వస్తూ నేను ఇరుక్కున్న చోటు దాటి, గట్టుకి నాలుగు గజాల దూరంలో దిగబడ్డాడు. సంతకి టైమవుతోంది. సబిత మరిది పొద్దున్నే ట్రాక్టరు తీసుకుని వేరే ఊరు పోయాడు. వారం రోజుల పంట ఆ బండిలో ఉంది. సబిత నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి, “దీదీ, నీ దగ్గర తాడు ఉందా?” అని అడిగింది. నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నానో చెప్పే టైము లేదు. ప్యాకెట్ చింపాను. నా బండి టైర్లలో గాలి ఇంకా ఎక్కించలేదు, అదే మంచిదైంది. గట్టి నేల అంచున బండి నిలిపి, నా వెనక కొక్కేనికి తాడు తగిలించి, రెండో కొస పికప్ ముందు కొక్కేనికి కట్టాను. డ్రైవరు దిగి వచ్చి, గేరు ఏది వెయ్యాలో, ఎలా లాగాలో నాకు చెప్పడం మొదలుపెట్టాడు. “దాదా, మీరు స్టీరింగ్ నిటారుగా పట్టుకోండి, అది చాలు. మిగతాది నేను చూసుకుంటా” అన్నాను. తాడు మెల్లగా బిగిసింది. జీపు ఒకసారి తల దించుకుని ఊపిరి బిగబట్టింది. పికప్ ఇసుకలోంచి పైకి వచ్చేసింది. డ్రైవరు తాడు విప్పి నా చేతికిచ్చాడు. పోయేటప్పుడు చెయ్యెత్తి, “దీదీ, ఉస్తాద్” అని పోయాడు. సబిత నా ఒళ్ళో ఇంత పొడుగు సొరకాయ పెట్టింది.

అదే దారిలో తిరిగి వచ్చాను, కాకపోతే ఈసారి చీలిక దగ్గర ఆగి మేకల తాతకి బిస్కెట్ల ప్యాకెట్ ఇచ్చాను. మధ్యాహ్నం మూడింటికి తపన్‌దా గ్యారేజీ ముందు బండి ఆపాను. ఆయన చుట్టూ తిరిగి చూశాడు. తాడుకి ఇసుక అంటి ఉంది, దాన్ని చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు. “తాడు కట్టాల్సి వచ్చిందన్నమాట” అన్నాడు. “వచ్చింది” అన్నాను. ఆయన ఏదో ఓదార్పు మాట మొదలుపెట్టబోయాడు. “ఏ కొక్కేనికి కట్టానో చూసి మాట్లాడండి” అన్నాను. వంగి ముందు కొక్కెం చూశాడు, రంగు చెక్కు చెదరలేదు. వెనక చూశాడు, రంగు గీసుకుపోయి ఇనుము మెరుస్తోంది. ఆ కొక్కేన్ని వేలితో తడిమాడు. తర్వాత లేచి, “ఎవర్ని లాగావు?” అన్నాడు. అప్పుడు మొదట్నుంచీ చెప్పాను, ‘ఏటి’ సంగతితో సహా.

గర్వంగా ఉందా అంటే, ఉంది. దాచుకోవడం నాకు రాదు. పొరపాటు దారిలో పోయింది నేనే, గాలి తీయకుండా దిగింది నేనే, బయటికి తెచ్చుకుందీ నేనే. మూడోది చేతిలో ఉంటే మొదటి రెండింటికీ మరీ సిగ్గుపడక్కర్లేదని ఈ ప్రయాణం నాకు నేర్పింది. నాకు గడ్డి ఇచ్చి, వెనక్కి తియ్యమని చెప్పి, ఆ తర్వాత నన్ను నమ్మి తన వారం పంటని నా తాడుకి కట్టిన సబితని నేను మర్చిపోను. మీలో ఎవరైనా ఆ వైపు పోతే చెప్పే సలహా ఒక్కటే. ఇసుక కనబడగానే, అది ఎంత కొంచెమైనా సరే, బండి దిగి టైర్లలో గాలి సగం తీసేశాకే లోపలికి తోలండి. తిరిగి నింపుకోవడానికి బండి బ్యాటరీతో నడిచే చిన్న పంపు చాలు. ఆడవాళ్ళ బ్యాచ్ ఖాయమైంది, ఆరు బండ్లు. అందులో పేరు ఇచ్చుకున్న బెహాలా అమ్మాయి ఒకామె నిన్న నాకు ఫోన్ చేసింది. అడవి, ఇసుక అంటున్నారు, భయంగా ఉంది దీదీ, మన ముందు బండి ఏ దాదా నడుపుతున్నాడు అని అడిగింది. “దాదా ఎవరూ లేరమ్మా, నేనే” అన్నాను.